ప్యాచ్ పెట్టుకున్న మగవాడి గోడు: అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

నల్లకుంట_వాసి
శుక్రవారం, రాత్రి 11:20

నాకు ముప్ఫై ఒకటి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాతికేళ్ళు దాటినప్పటి నుంచి నుదురు పైపైకి జరుగుతూ వచ్చింది, తర్వాత నడినెత్తి బయటపడింది. నూనెలు, ఉల్లిపాయ రసం, హోమియో మాత్రలు అన్నీ అయ్యాక హెయిర్ ప్యాచ్, అంటే బట్టతల మేరకు టేపుతో అంటించే విగ్గు, పెట్టించుకున్నాను. ఆఫీసులో ఎవరూ గుర్తుపట్టలేదు. కాబట్టి ఏ రకం బాగుంటుంది, ఎంతవుతుంది అని అడగడానికి రాలేదు.

నా బాధ వేరు. బట్టతలతో తిరిగినప్పుడు సిగ్గుపడ్డాను. ఇప్పుడు ప్యాచ్‌తో తిరుగుతూ అంతకు రెట్టింపు సిగ్గుపడుతున్నాను. నెలకోసారి సర్వీసింగుకు వెళ్తాను. సెలూన్ మేడ మీద తెరలు కట్టిన చిన్న చిన్న అరలు ఉంటాయి. పక్క అరలో ఇంకో మగవాడు దగ్గుతుంటాడు. బయటికి వచ్చేటప్పుడు ఎదురుపడితే ఇద్దరం ఫోన్లలో తల దూర్చేస్తాం.

మా అమ్మ పెళ్ళిళ్ళకు సవరం పెట్టుకునేది. ఇంటికొచ్చాక దాన్ని దువ్వి కిటికీ ఊచకు తగిలించేది. ఎవరూ ఒక్క మాట అనలేదు. నా ప్యాచ్ సంగతి తెలిసిన రోజు నాన్న మాత్రం, "మగపుట్టుక పుట్టి ఈ సోకులేమిటిరా" అన్నారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేనే రోజూ ఎత్తుకుంటున్నాను.

వచ్చే నెల పెళ్ళిచూపులు. అమ్మాయికి చెప్పాలా, చెబితే ఎప్పుడు? అసలు ఇది మగవాడు చేయదగిన పనేనా? జుట్టు ఒత్తుగా ఉన్నవాళ్ళు దయచేసి ధైర్యం చెప్పకండి.

---

అత్తిలి_మాస్టారు
శనివారం, ఉదయం 5:48

బాబూ, ఇరవై ఎనిమిదో ఏటి నుంచి బట్టతలవాణ్ణి. ఈ మధ్యే పదవీ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి. అర్హత సరిపోతుందనుకుంటాను.

ఖర్వాటుడి పద్యం మీరూ చదివే ఉంటారు. ఎండకు నెత్తి మాడిన బట్టతలవాడు తాటిచెట్టు నీడకు పరుగెత్తితే, తాటిపండు రాలి తల పగిలిన పద్యం. ఉద్యోగంలో ఉండగా అది నేనే చెప్పాల్సి వచ్చేది. పద్యం ఎత్తుకోగానే వెనక బల్లల మీద కిసుకిసలు. మొదటి ఏడాది ఆ పద్యం దాటవేశాను. తర్వాతి ఏడాది నుంచి నా నెత్తి మీద నేనే చేయి పెట్టి అర్థం చెప్పాను. పిల్లలు పరీక్షలో ఏది తప్పినా ఆ పద్యం తప్పేవారు కాదు.

నా మాట: తీసేసి గుండు కొట్టించండి. దాచినకొద్దీ భయం పెరుగుతుంది. అమ్మాయికి మాత్రం చెప్పి తీరాలి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు గానీ, ఆ వెయ్యిలో ఇది ఉండకూడదు.

---

సింహబలుడు
శనివారం, ఉదయం 9:05

మాస్టారి మాటే మాట. మగాడంటే ఉన్నది ఉన్నట్టు ఉండాలి. రజనీకాంత్ బట్టతలతో, తెల్లగడ్డంతో సభలకు రావడం లేదా? ఆయన్ను మగాడు కాదనే దమ్ము ఎవరికైనా ఉందా? విగ్గులు, రంగులు, పూతలు ఆడవాళ్ళ వ్యవహారం.

---

తిరుచానూరు_కోడలు
శనివారం, ఉదయం 9:40

సింహబలుడు గారూ, అదే రజనీకాంత్ తెర మీదికి విగ్గు పెట్టుకునే వస్తారు. ఈలలు పడేది ఆ తలకే.

ఇక రంగుల సంగతి. మా వీధిలో అరవై దాటిన మగవాళ్ళ తలలన్నీ నిగనిగలాడుతున్నాయి. ఆదివారం పొద్దున బనియన్ మీద పాత తువ్వాలు కప్పుకుని, పెరట్లో అద్దం గోడకు ఆనించి, అరిగిన పళ్ళ బ్రష్షుతో రంగు పూసుకుంటారు. నుదుటి మీద నల్లమరక పడితే భార్యను కేకేస్తారు. దాన్ని సోకు అని ఎవరూ అనరు. శుభ్రత అంటారు.

నల్లకుంట గారికి తీరిగ్గా రాత్రికి రాస్తాను. పిల్లల బడి బస్సు వచ్చేసింది.

---

నల్లకుంట_వాసి
శనివారం, ఉదయం 10:15

మా నాన్న మీసానికి రంగు వేస్తారు. పక్షానికోసారి, తప్పకుండా. మీరు రాసేదాకా నాకు తట్టనే లేదు.

---

బెజవాడ_కత్తెర
శనివారం, మధ్యాహ్నం 3:30

ఈ పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి నాలుగు మాటలు చెబుతాను.

కొలత తీసేటప్పుడు పల్చటి ప్లాస్టిక్ కాగితం నెత్తికి బిగించి, దానిమీద టేపు పొరలు పొరలుగా వేస్తాం. అది గట్టిపడి తల ఆకారం తీసుకుంటుంది. జుట్టు ఎక్కడ మొదలవ్వాలో దానిమీద స్కెచ్ పెన్నుతో గీత గీయాలి. గొడవంతా ఆ గీత దగ్గరే. నలభై ఐదేళ్ళ మనిషి తన పెళ్ళినాటి ఫోటో తీసి, గీత అక్కడే గీయమంటాడు. గీస్తే వారం తిరక్కుండా ఊరంతా పట్టేస్తుంది. కణతల దగ్గర లోపలికి తోసి, ముందు వరుస పల్చగా ఉంచితేనే నమ్మేలా ఉంటుంది. మా పనితనం అంతా, అడిగినదానికంటే తక్కువ జుట్టు ఇచ్చి ఒప్పించడంలో ఉంది.

వచ్చేవాళ్ళు ఎవరనుకుంటున్నారు? కానిస్టేబుళ్ళు, స్థలాల వ్యాపారులు, చోటా నాయకులు, పాస్టర్లు, పెళ్ళికొడుకులు. గుబురు మీసాలవాళ్ళు కూడా ముందు ఫోను చేసి "వెనక నుంచి దారి ఉందా" అని అడుగుతారు. ఆడవాళ్ళయితే అక్కనో అమ్మనో వెంటబెట్టుకుని వస్తారు. అద్దంలో చూసుకుంటూ, నవ్వుకుంటూ, బేరమాడుకుంటూ గట్టిగా మాట్లాడుకుంటారు. మగవాడు తోడు తెచ్చుకోవడం చాలా అరుదు. ఒంటరిగా వస్తాడు, బేరం ఆడడు, త్వరగా కానివ్వమంటాడు. కొందరు వ్యాపారులు ఆ తొందర చూసే ధర పెంచేస్తారు. ఇది మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే.

ఇంకొకటి చెప్పాలి. మీ తలల మీద ఉన్న జుట్టులో చాలా భాగం ఆడవాళ్ళది. తిరుమల కల్యాణకట్టలో భక్తులు ఇచ్చిన తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తుంది. అదికాక, ఊళ్ళలో దువ్వెనకు వచ్చిన చిక్కుజుట్టును ఉండచుట్టి దాచి స్టీలు గిన్నెలకు మారుస్తారు కదా, అదీ ఈ దారినే వస్తుంది. చిక్కు విప్పి, కుదుళ్ళన్నీ ఒకవైపుకు సర్ది, కడిగి, ఎగుమతి చేసే వ్యాపారం ఏలూరు వైపు బాగా సాగుతుంది. బయటి దేశాల్లో జాలీకి ముడులు వేయించుకుని ప్యాచ్‌గా మళ్ళీ మన దగ్గరికే వస్తుంది.

---

నల్లకుంట_వాసి
శనివారం, మధ్యాహ్నం 3:52

అంటే నా మగతనం ఎవరో ఆడమనిషి మొక్కుబడి మీద నిలబడి ఉందన్నమాట.

---

తిరుచానూరు_కోడలు
శనివారం, రాత్రి 9:30

నవ్వొచ్చింది గానీ, మీరన్నది మా ఊరి పెద్దలు చెప్పే కథే. పుట్టలో ఉన్న శ్రీనివాసుడికి ఆవు పాలు ధారపోస్తుంటే పశువులకాపరి చూసి కోపంతో గొడ్డలి ఎత్తాడు. ఆ దెబ్బ స్వామి తలకు తగిలి, అక్కడ జుట్టు పోయి బోసిగా మిగిలింది. అది చూడలేక నీలాదేవి అనే గంధర్వకన్య తన జుట్టు కోసి అక్కడ అతికించిందట. మనం కొండ మీద ఇచ్చే తలనీలాలు ఆమెకే చేరతాయని నమ్మకం. ఏడుకొండల్లో నీలాద్రి ఆమె పేరు మీదిదే. ఆడపిల్ల జుట్టు నెత్తిన పెట్టుకున్నందుకు స్వామి పౌరుషానికి ఏమైనా తక్కువైందా అని ఈ ఏడుకొండల చుట్టుపక్కల ఎవరూ అడగలేదు.

ఇక మా ఇంటి సంగతి. మావారికి ప్యాచ్ ఉందని నాకు పెళ్ళయ్యాక తెలిసింది. ఆయన దిండు మీద తల పెట్టి కొయ్యలా కదలకుండా పడుకునేవారు. తల నిమరబోతే నా చేయి పట్టుకుని మెల్లగా పక్కకు పెట్టేవారు. స్నానాల గదిలోకి వెళ్తే గంటకు గానీ గడియ తీసేవారు కాదు. నేనంటే ఇష్టం లేదనుకున్నాను. ఇంకెవరైనా ఉన్నారేమోనని కూడా అనుకున్నాను, ఎందుకు దాచాలి. ఒకరోజు బీరువాలో ఇస్త్రీ పంచెల వెనక టేపు చుట్ట, చిన్న సీసాలో స్పిరిట్ కనిపించాయి. అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నవ్వుతావేమో అనుకున్నాను" అన్నారు.

ఆయన బట్టతల నన్నేమీ బాధపెట్టలేదు. నా చేయి పక్కకు పెట్టిన రోజులున్నాయి చూడండి, వాటిని మరిచిపోవడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు టేపు ముక్కలు నేనే కత్తిరించి ఇస్తాను. వెనకవైపు ఆయనకు అందదు, వంకరగా అంటిస్తారు.

కాబట్టి చెప్పండి. పదిమంది ముందు కాదు. విడిగా మాట్లాడుకోమని బాల్కనీలోకి పంపుతారు కదా, అప్పుడు. అప్పుడూ నోరు పెగలకపోతే తర్వాత ఫోనులో. ఏదైనా తాంబూలాలు పుచ్చుకోకముందే.

---

నిర్వాహకులు
శనివారం, రాత్రి 10:50

సింహబలుడు గారి రెండు సందేశాలు తొలగించాం. స్వామివారి కథను ఈ చర్చలోకి తేవడం మీద ఆయన అభ్యంతరం చెప్పి ఆగి ఉంటే అది అలాగే ఉంచేవాళ్ళం. తోటి సభ్యుణ్ణి "ఆడంగి" అనడం ఇక్కడ కుదరదు.

---

వకీలు_వరండా
ఆదివారం, ఉదయం 7:25

పైదానికి చిన్న చేర్పు. ఇంగ్లండులో ఒక ఫ్యాక్టరీలో పై ఉద్యోగి ఒకాయన ఒక ఎలక్ట్రీషియన్‌ను బట్టతలను జోడించి బూతు తిట్టాడు. అది లింగపరమైన వేధింపు కిందికే వస్తుందని 2022లో అక్కడి ఉపాధి ట్రిబ్యునల్ తేల్చింది. ఆడవాళ్ళకూ బట్టతల రావచ్చు కదా అని కంపెనీ వాదించింది. మగవాళ్ళలోనే చాలా ఎక్కువ కాబట్టి ఆ తిట్టు మగవాడైనందుకే దెబ్బ కొడుతుందని ట్రిబ్యునల్ అంది.

---

కోనసీమ_గాలి
ఆదివారం, ఉదయం 8:10

తమ్ముడూ, అనవసరంగా మథనపడుతున్నావు. మగ హార్మోను ఎక్కువైనవాళ్ళకే బట్టతల వస్తుందని డాక్టర్లే చెబుతారు. నీ తలే నీ మగతనానికి ధ్రువపత్రం!

---

చర్మవైద్యుడు
ఆదివారం, ఉదయం 11:35

ఈ మాట నా గదిలో రోజూ వింటాను. సగమే నిజం.

టెస్టోస్టిరాన్ ఒక ఎంజైము వల్ల డీహెచ్‌టీ అనే హార్మోనుగా మారుతుంది. కొందరికి నుదుటి పైన, నడినెత్తిన ఉండే కుదుళ్ళు వంశపారంపర్యంగా డీహెచ్‌టీకి లొంగిపోయే రకం. అవి ఏటికేడు కుంచించుకుపోయి, వెంట్రుక సన్నబడి, చివరికి నూగు మిగులుతుంది. చెవుల పైన, తల వెనక ఉన్న కుదుళ్ళకు ఆ బాధ లేదు. జుట్టు మార్పిడికి అక్కడి నుంచే తీసేది అందుకే. యుక్తవయసుకు ముందే వృషణాలు పోయినవాళ్ళకు ఈ రకం బట్టతల రాదని, టెస్టోస్టిరాన్ ఇస్తే మాత్రం వంశంలో ఆ లక్షణం ఉన్నవాళ్ళకు మొదలవుతుందని 1942లో హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చూపించాడు.

కాబట్టి మగ హార్మోను లేనిదే ఇది రాదు. అంతమాత్రాన బట్టతలవాడి రక్తంలో ఆ హార్మోను పక్కవాడికంటే పొంగిపొర్లడం లేదు. తేడా కుదురులో ఉంది. "బట్టతల ఉంటే మగాడు కాదు" అనేది ఎంత తప్పో, "బట్టతల ఉంటేనే అసలైన మగాడు" అనేదీ అంతే తప్పు. ఓదార్పు కోసమని రెండోదాన్ని పట్టుకుంటే మళ్ళీ తల వెంట్రుకలతోనే మగతనాన్ని కొలిచినట్టు.

మందుల గురించి క్లుప్తంగా: మినాక్సిడిల్ మొదట రక్తపోటుకు వచ్చిన మందు. తలకు రాసుకోవడానికి అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము మాత్రకు 1997లో. వాడినంతకాలమే పనిచేస్తాయి. ఫినాస్టరైడ్‌తో కొద్దిమందికి లైంగిక సమస్యలు రావచ్చు. డాక్టరుతో మాట్లాడకుండా మందుల దుకాణంలో కొని మింగకండి. ప్యాచ్ వాడేవాళ్ళు క్లిప్పులు ఎప్పుడూ ఒకేచోట బిగిస్తే, లాగుడుకు ఉన్న జుట్టు కూడా ఊడుతుంది. కింద చర్మం ఎర్రబడితే కొన్నాళ్ళు విప్పి ఉంచండి.

---

డాలస్_రాత్రులు
ఆదివారం, రాత్రి 8:20

మాస్టారూ, "గుండు కొట్టించండి" అన్నంత తేలిక కాదండి. నేను కొట్టించుకున్నాను. డాలస్‌లో ఎవరికీ పట్టదు, ఆఫీసులో నాలాంటివాళ్ళు చాలామంది. గుంటూరులో దిగగానే మా మేనత్త గుండె పట్టుకుని "ఎవరు పోయార్రా, నాకెందుకు చెప్పలేదు" అంది. ఆ తర్వాత కలిసిన ప్రతివాళ్ళూ తిరుపతి ప్రసాదం అడిగారు. గుండుకు మన దగ్గర ఉన్నవి ఆ రెండు కారణాలే. బాగుందని గొరిగించుకున్నానంటే ఒక్కరూ నమ్మలేదు. చివరికి విసిగి, మొక్కు తీర్చుకున్నానని చెప్పేశాను.

విగ్గు, మగతనం అంటే నాకు టెన్నిస్ ఆటగాడు ఆండ్రీ అగస్సీ గుర్తొస్తాడు. పొడుగాటి జుట్టు, చెవిపోగు, ఆ రోజుల్లో కుర్రాళ్ళంతా అలా ఉండాలనుకునేవారు. ఆ జుట్టు విగ్గు. 1990 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌కు ముందు రాత్రి స్నానం చేస్తుంటే అది ఊడిరావడం మొదలైంది. అన్నతో కలిసి పిన్నులతో బిగించుకున్నాడు. మర్నాడు కోర్టులో గెలిపించమని కాదు, విగ్గు పడిపోకుండా చూడమని దేవుణ్ణి ప్రార్థించానని తర్వాత ఆత్మకథలో తానే రాశాడు. ఆ ఫైనల్ ఓడిపోయాడు. 1999లో అదే టోర్నమెంటు గుండుతో గెలిచాడు.

---

రంగస్థలి_తెనాలి
ఆదివారం, రాత్రి 9:45

పద్యనాటకాల్లో దుర్యోధనుడి వేషం కడతాను. నా మీసం పెదవి మీద జిగురుతో అంటించింది. జుట్టు విగ్గు. భుజాలకు కింద దూది మెత్తలు కూడా ఉంటాయి, గద ఎత్తితే బాహువులు నిండుగా కనపడాలి కదా. పద్యం అందుకుని మీసం మీద చేయి వేయగానే పందిరి దద్దరిల్లుతుంది. "మగాడంటే వీడురా" అనే కేక ఏ ఊరైనా తప్పదు. తెల్లవారుజామున వేషం తీసి టీ కొట్టు దగ్గర నిలబడితే అదే మనిషి నన్ను పక్కకు జరగమంటాడు. ఈ చర్చకు నా వంతు ఇంతే.

---

కృష్ణాతీరం
సోమవారం, ఉదయం 6:15

రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మా నాన్నగారు పోయినప్పుడు నేను ప్యాచ్‌తో ఉన్నాను. కర్మ చేయాల్సిన పెద్దకొడుకుని. పదోరోజు క్షౌరం ఉంటుందని తెలుసు. ముందురోజు రాత్రే విప్పేసి ఉండవచ్చు. ఇంటి నిండా చుట్టాలు, ఒక్క గది ఖాళీ లేదు, ధైర్యమూ లేదు.

ఏటిగట్టున కూర్చోబెట్టారు. మంగలి నెత్తి మీద నీళ్ళు చల్లి వేళ్ళు పెట్టగానే అర్థం చేసుకున్నాడు. వంగి చెవిలో, "బాబుగారూ, మీరే తీస్తారా" అని అడిగాడు. తీశాను. టేపు తడిసి ఒకవైపు వచ్చింది, ఇంకోవైపు రాలేదు. మా బాబాయిలు, బావలు, అత్తవారి తరఫువాళ్ళు, అందరూ చూస్తున్నారు. చేతిలో అది పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. దర్భలు తెచ్చిన సంచిలో పెట్టకూడదని పురోహితుడు వారించాడు. చివరికి మా బావమరిది తన చేతిరుమాలు పరిచి అందులో చుట్టి జేబులో వేసుకున్నాడు. పెళ్ళయినప్పటి నుంచి నన్ను ఆటపట్టిస్తూ వచ్చిన మనిషి. ఆరోజు ఏమీ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

మీసం కూడా తీసేశారు. అద్దంలో చూసుకుంటే జుట్టు లేకపోవడం కంటే అదే వింతగా అనిపించింది.

మైల తీరి కొన్ని వారాలయ్యాక మళ్ళీ ప్యాచ్ పెట్టించుకున్నాను. "అందరికీ తెలిసిపోయింది కదా, ఇంకెందుకు" అని మా ఆవిడ అడిగింది. నాకు అలా ఉండటం ఇష్టం అన్నాను. ఇప్పుడు ఇంట్లో అది దువ్వెనల పక్కనే ఉంటుంది. మా చిన్నది దాన్ని బొమ్మకు పెట్టి ఫోటోలు తీస్తుంది. కోప్పడాల్సి వస్తోంది, ఖరీదైన వస్తువు.

---

అత్తిలి_మాస్టారు
సోమవారం, ఉదయం 6:50

కృష్ణాతీరం గారి మంగలికి నా నమస్కారాలు. "మీరే తీస్తారా" అని చెవిలో అడగడం అందరికీ చేతకాదు.

నేను మాత్రం పెట్టుకోను. ఈ వయసులో ముందు వరుస పల్చగా ఉంచమని బేరమాడే ఓపిక లేదు.

---

నల్లకుంట_వాసి
గురువారం, రాత్రి 10:05

అందరికీ కృతజ్ఞతలు. పెళ్ళిచూపుల దాకా ఆగలేదు. పెద్దవాళ్ళు నంబర్లు ఇచ్చారు కాబట్టి ఫోను చేసి చెప్పేశాను. మొదటి రెండు వాక్యాలు రాసుకుని చదివాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "మీరు బండి మీద ఆఫీసుకు వెళ్తానన్నారు కదా, హెల్మెట్ తీసేటప్పుడు ఎలా మరి?" అని అడిగింది. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి. రోజూ ఆఫీసు సెల్లార్‌లో కారు చాటున తీస్తానని చెప్పాను. నవ్వింది. తన తమ్ముడికి ఇరవై రెండుకే ఊడుతోందట, వాడితో మాట్లాడతారా అంది. సంబంధం కుదురుతుందో లేదో తెలియదు, వాళ్ళ నాన్నగారికి ఇంకా చెప్పలేదట. తమ్ముడు మాత్రం అప్పుడే రెండుసార్లు ఫోను చేశాడు.

మా నాన్నతో ఇంకా మాట్లాడలేదు. మొన్న మీసానికి రంగు వేస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. "ఏమిటి చూస్తున్నావు" అన్నారు. "ఎడమవైపు కాస్త వదిలేశారు" అన్నాను. అద్దం నా చేతికిచ్చి పట్టుకోమన్నారు.

కత్తెర గారూ, హెల్మెట్ సంగతి నిజంగానే అడుగుతున్నాను. నా ప్యాచ్ అడుగు ముందువైపు లేసు, అంటే పల్చటి జాలీ; మధ్యలో మోనో, అంటే కాస్త గట్టి జాలీ. ముందు అంచు లేస్తోంది.

---

బెజవాడ_కత్తెర
గురువారం, రాత్రి 10:40

లేసు అంచు చెమటకు లేస్తుంది, మన ఎండల్లో మరీను. హెల్మెట్ కింద పల్చటి నూలు టోపీ వేసుకోండి, సిల్కు గుడ్డయితే జారుతుంది. తీసేటప్పుడు వెనక నుంచి ముందుకు లాగకండి. రెండు పట్టీలు పక్కలకు విడదీసి నిలువుగా పైకి ఎత్తండి. టేపు అంటించే ముందు చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి, చాలామంది తడి మీదే అంటిస్తారు. హెల్మెట్ ఒక సైజు పెద్దది కొనే పని మాత్రం చేయకండి, ప్యాచ్ పోతే ఇంకొకటి చేయించుకోవచ్చు. ఆ కుర్రాడికి చెప్పండి, ఇరవై రెండుకే ప్యాచ్ వద్దు, ముందు చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళమనండి. నా దగ్గరికి వచ్చినా అదే చెప్పి పంపుతాను.